అదును, పదును

వాన వెలిశాక దుక్కికి వీలుగా తడి నిలిచి ఉంటే నేల పదునుగా ఉందంటాం. కత్తి చక్కగా తెగితే అదీ పదునే అంటాం. ఈ రెండింటికీ ఒకటే మాట ఎందుకో నాకు కొలిమి ముందు కూర్చున్నాక గానీ తెలియలేదు. నేల మరీ తడిస్తే బురద, మరీ ఆరితే పెళ్ల. నడుమ ఒకటి రెండు రోజులే విత్తడానికి పనికొస్తుంది. ఉక్కూ అంతే. మరీ గట్టిపడితే గాజులా పగులుతుంది, మెత్తబడితే రేకులా వంగుతుంది. నడుమ ఉన్న ఆ కాస్త జాగాయే పదును. సాన మీద వచ్చేది వాడి మాత్రమే.

ఆదివారాలు కత్తులు చేయడం నా సరదా. వంటింటి కత్తులే ఎక్కువ. పాత ఇనుప సామాన్ల కొట్లో కిలోల లెక్కన దొరికే లారీ కమాన్ పట్టీ ముడిసరుకు. అందులో సుమారు 0.6 శాతం కార్బన్ ఉంటుంది. అంత లేకపోతే ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. అందుకే ఇళ్లు కట్టే ఇనుప కడ్డీతో కత్తి చేయబోయి చాలామంది భంగపడతారు. కొలిమికి ఫైర్‌బ్రిక్ ఇటుకలు, తుమ్మ బొగ్గులు, తిత్తికి బదులు పాత హెయిర్ డ్రయ్యర్. దాగలి కొనే స్తోమత లేని రోజుల్లో రైలుపట్టా ముక్క మీదే కొట్టాను. ఇప్పటికీ అదే.

సుత్తె పనిలో మొదట బోల్తా కొట్టించేది వంకర. వాదర వైపు కొట్టి పలచన చేస్తుంటే ఆ వైపు ఇనుము పొడుగ్గా సాగుతుంది, వీపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో అలుగు అరటిపండులా పైకి తిరుగుతుంది. అనుభవమున్నవాడు కొట్టకముందే దాన్ని ఎదురు వైపుకు వంచి పెట్టుకుంటాడు. కొట్టడం అయ్యేసరికి అదే సాపవుతుంది. ఇక అదును సంగతి. ఉక్కు నారింజ రంగులో ఉన్నంతసేపే సుత్తె కింద మైనంలా నడుస్తుంది. ఎరుపు మందగించాక కొడితే లోపల కంటికి కనపడని పగుళ్లు పడతాయి. అలాగని ఇంకా కాలనిస్తే మతాబులా రవ్వలు లేస్తాయి. అంటే ఉక్కు మాడిపోయిందని. దాన్ని మళ్లీ ఉక్కు చేయడం ఎవరి తరమూ కాదు.

ఇంతవరకు జరిగింది రూపం మాత్రమే. కత్తి ఇంకా పుట్టలేదు.

నా మొదటి కత్తిని మిట్టమధ్యాహ్నం ఎర్రగా కాల్చి బక్కెట్ నీళ్లలో ముంచాను. ‘టింగ్’మని సన్నని చప్పుడు. వాదర నుంచి వీపు దాకా వెంట్రుకంత గీత. ఆ ముక్క పట్టుకుని మా పక్క ఊళ్లో కమ్మరి తాత దగ్గరికి వెళితే, విరిచి లోపలి వైపు చూపించాడు. బొంబాయి రవ్వలా గరుగ్గా మెరుస్తోంది. “ఎండల ఉక్కు రంగు తెల్వది బిడ్డా. పొద్దుగూకినంక రా” అన్నాడు.

పొద్దుగూకాక తెలిసింది. వెలుతురులో ముదురు ఎరుపుగా కనిపించేది చీకట్లో చూస్తే ఎంతో ఎక్కువ వేడి. నేను మోతాదుకు మించి కాల్చాను, లోపలి రేణువులు పెరిగిపోయాయి. ఇప్పుడు సుత్తె పని అయ్యాక అలుగును మూడుసార్లు కాల్చి, ప్రతిసారీ గాలిలో ఆరనిస్తాను. ఒక్కో విడతకు వేడి కాస్త తగ్గిస్తూ పోతే రేణువులు చిన్నవవుతాయి. అప్పుడు విరిచి చూస్తే మైదాపిండిలా సన్నగా, బూడిద రంగులో ఉంటుంది.

ముంచే ఘడియ తెలుసుకోవడానికి నాలాంటివాళ్ల చేతిలో అయస్కాంతం ఉంటుంది. 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకాస్త, కమాన్ పట్టీకైతే 830 దాకా, వేడెక్కనివ్వాలి. తాతకు అయస్కాంతంతో పని లేదు. చీకట్లో కాలుతున్న అలుగులో ఒక నీడ కదులుతుంది. లోపలి నిర్మాణం మారే చోట ఉక్కు వేడిని మింగుతుంది కాబట్టి అక్కడ కాస్త నల్లగా కనిపిస్తుంది. ఆ నీడ వీపు దాకా పాకి మాయమయ్యాక తీసి ముంచుతాడు. నేను ఆ నీడను గుర్తుపట్టడానికి ఏడాది పట్టింది.

కమాన్ పట్టీకి నీళ్ల కన్నా నూనె మేలు. నేను పల్లీనూనె వాడతాను, 50 డిగ్రీల దాకా వెచ్చబెట్టి. చల్లటి నూనె అయితే ఇంకా త్వరగా చల్లారుస్తుంది కదా అనిపిస్తుంది గానీ, వెచ్చటి నూనే పలచబడి అలుగు చుట్టూ చురుగ్గా తిరిగి వేడిని లాగేస్తుంది. మొదటిసారి ముంచినప్పుడు పక్కింటివాళ్లు బజ్జీలు వేస్తున్నామనుకున్నారు. నూనెలోంచి తీసిన అలుగు మీద ఆకురాయి పెట్టి రుద్దితే గాజు మీద జారినట్టు జారిపోవాలి. జారితే గట్టిపడ్డట్టే. కానీ అప్పుడది కిందపడితే రెండు ముక్కలు. కాబట్టి ఆ పూటే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు, రెండు విడతలు కాచాలి. కాస్త గట్టితనం వదులుకుంటే బోలెడు దృఢత్వం వస్తుంది. మొదటిది గీత పడనిది, రెండోది విరగనిది. తాత ఈ పనికి ఓవెన్ వాడడు. వాదర మాత్రం ముంచి తీసి, తోమి, వీపులో మిగిలిన వేడి వాదర వైపు దిగుతుంటే రంగులు చూస్తాడు: గడ్డి రంగు, వంకాయ రంగు, నీలం. కత్తికి గడ్డి రంగు రాగానే మళ్లీ ముంచుతాడు. గొడ్డలికైతే ఇంకా ఆగుతాడు.

ఈ చూపు మన నేలకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం ఉంది. మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు. 1820లో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయిసీ అనే సర్వే వైద్యుడు రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. రెండు రకాల ఇనుమును మట్టి మూసలో పెట్టి రాత్రింబవళ్లు కరిగించేవారు. వచ్చిన ఉక్కు ముద్దను మళ్లీ మట్టితో కప్పి, గంటల తరబడి కాచి మెత్తబరిచేవారు. దానికోసం ఇరాన్ వర్తకులు వచ్చి కూర్చునేవారట. ఐరోపావాళ్లు ఊట్జ్ అన్నది ఈ ఉక్కునే. మైకేల్ ఫారడే అంతటివాడు దాని మీద ప్రయోగాలు చేశాడు. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండే ఆ ముద్దను తెల్లగా కాల్చి కొడితే పొడి పొడి అయిపోతుంది. దాన్ని తక్కువ వేడిలో, ఓపిగ్గా, మళ్లీ మళ్లీ కాచి కొడితేనే డమాస్కస్ కత్తుల మీది నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. ఈ సంగతిని చేసి చూపించినవాళ్లలో ఒకడు ఆల్‌ఫ్రెడ్ పెండ్రే, ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టుకునే మనిషి. లోహశాస్త్ర ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్‌తో కలిసి, 1998లో వెలువరించిన పత్రంలో ఆ గీతలకు వెనేడియం లాంటి మూలకాల జాడే కీలకమని తేల్చాడు. ప్రయోగశాలకు కొలిమి పాఠం చెప్పిందంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

అమెరికాలో ఈ సరదాను గాడిన పెట్టింది బిల్ మోరన్, మరికొందరు కలిసి 1976లో స్థాపించిన బ్లేడ్‌స్మిత్ సొసైటీ. వాళ్ల పరీక్ష నాకు నచ్చుతుంది. వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంచాలి. చెక్క బద్దను రెండుసార్లు తెగనరకాలి. ఆ తర్వాత కూడా అదే వాదరతో చేతి మీది వెంట్రుకలు గీయాలి. చివరికి కత్తిని బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. మెరుగు, పిడి అందం ఆ తర్వాతి మాట. మనవాళ్లలో కొందరు అద్దంలాంటి మెరుపు తెచ్చి ఫొటోలు పెడుతుంటారు. పదును ఫొటోలో పడదు.

ఒక్కమాట చట్టం గురించి. ఇంటి పనికి, పొలం పనికి చేసినవి తప్ప, 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. వంటింటి కత్తి దగ్గర ఆగండి. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టకండి, ఆ పొగ ప్రమాదం. కమాన్ పట్టీ కొనేటప్పుడు రెండు జానలు ఎక్కువ తీసుకోండి. ఆ ముక్కను ముందు కాల్చి, ముంచి, విరిచి చూడండి. లోపల రవ్వ కనిపిస్తే, కత్తి జోలికి ఇంకా వెళ్లకండి.