ఆ అధ్యాయం ఎవరు చదువుకోవాలి?

కష్టం వచ్చిన ఇంటికి ప్రార్థనకు వెళ్తే మన విశ్వాసులు తరచూ తెరిచే అధ్యాయం హెబ్రీ పత్రిక 12. తండ్రి తాను ప్రేమించే బిడ్డనే దండించి దారిలో పెడతాడని చెప్పే భాగం అది. నాకు ప్రాణమైన భాగం. అందుకే, దాన్ని ఎదుటివాళ్ల మీద తీర్పుగా వాడితే ఓర్చుకోలేను.

పల్నాడులో ఒక మిర్చి రైతు ఇంట్లో ప్రార్థన పెట్టారు. కల్లంలో ఆరబోసిన కాయ అకాల వర్షానికి తడిసి బూజు పట్టింది. వచ్చినవాళ్లలో ఒకాయన "దేవుడు మిమ్మల్ని సరిచేస్తున్నాడు బ్రదర్" అన్నాడు. రైతు తల దించుకున్నాడు. ఆయన భార్య టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. ప్రార్థన ముగిసేదాకా మళ్లీ బయటికి రాలేదు.

అదే ఊళ్లో షుగరు వల్ల కాలివేళ్లు పోయిన పెద్దమ్మ ఉంది. మంచం మీద కట్టు సర్దుకుంటూ, "నడిచినన్నాళ్లూ ఊరంతా తిరిగి అందరి తప్పులూ ఎంచానయ్యా. ఇప్పుడాయన నన్ను కూర్చోబెట్టి నా మనసు నాకే చూపిస్తున్నాడు" అంది. రైతు ఇంట్లో ఆ వచ్చినాయన అన్నదీ ఈమె అన్నదీ ఒకే సంగతి. ఈమె తన గురించి తాను చెప్పుకుంది కాబట్టి అందులో ఓదార్పు ఉంది.

బైబిల్లో కష్టాల్లో ఉన్న యోబు పక్కన అతని స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నారు. ఆ తర్వాత అతనిలో పాపం వెతికి దేవుని కోపానికి గురయ్యారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు. హెబ్రీ పత్రిక అందుకున్నవాళ్లు కూడా విశ్వాసం కోసం ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లే. దండన మాట అయిన వెంటనే ఆ పత్రిక, వాలిన చేతుల్ని నిలబెట్టమంటుంది, కుంటికాలు బెణకకుండా దారి చదును చేయమంటుంది.

1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ చేసింది ఆ పనే. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. తిండి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు.

తమ కష్టంలో తండ్రి చేయి ఉందో లేదో అది పడేవాళ్లే, తమకు వీలైనప్పుడు తెలుసుకుంటారు. పరామర్శకు వెళ్లిన మనం ఆసుపత్రికి తోడు వెళ్దాం, పిల్లల ఫీజులో చేయి వేద్దాం, అప్పిచ్చినవాళ్లతో గడువు మాట్లాడదాం. పన్నెండో అధ్యాయం మాత్రం మన కష్టం రోజున, మన ఇంట్లో, మన కోసం చదువుకుందాం.