బిందె నిండేదాకా

ఆర్ట్ సినిమా అనగానే మన ఇళ్ళలో ముందు వినిపించేది ఆవులింత! పాటలుండవు, ఫైట్లుండవు, కథ కదలదు. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషా చిత్రాలు వేసే రోజుల్లో, కడపలో మా పక్కింటావిడ "ఏందక్కా, ఆయమ్మ ఇంతసేపటి నుంచీ కసువే ఊడుస్తాంది!" అంటూ లేచిపోయేది. నిజమే. కానీ ఆ ఊడవటం మనకు రోజూ ఉన్నదే కదా? మన పనిని ఇంకొకరు అంతసేపు నిలబడి చూసిందెప్పుడు? నాకా సినిమాలంటే గౌరవం అందుకే.

బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. పని చెయ్యటం దండగనుకునే తండ్రీకొడుకుల గుడిసెలోకి ఓ కోడలు వస్తుంది. కష్టపడేదీ ఆవిడే, కాన్పులో ప్రాణం పోగొట్టుకునేదీ ఆవిడే. 1988లో బి. నరసింగరావు గారు 'దాసి' తీశారు. తెలంగాణా గడీలో చాకిరీ చేసే కమలాక్షికి దొర పిలిస్తే వెళ్ళటమూ ఆ చాకిరీలో భాగమే. చివరికి కడుపులో బిడ్డను ఉంచుకోవటం కూడా ఆమె చేతుల్లో లేదు. ఆ చిత్రానికి 5 జాతీయ అవార్డులొచ్చాయి. అర్చన ఉత్తమ నటి అయింది. అందులోని నిదానం దర్శకుడి గొప్ప కోసం కాదు. కమలాక్షి కాలం కమలాక్షిది కాదు. ఆ సంగతి మనకు తెలియాలంటే మనమూ ఆమెతోపాటు ఆ బరువు మొయ్యాలి. నిదానంగా తీసిన ప్రతిదీ ఆర్ట్ కాదు లెండి! ఆ నిదానం ఎవరి బతుకులోంచి వచ్చిందన్నదే ప్రశ్న.

మరి మా సీమ సంగతి? మంచి సినిమా మాకు కొత్త కాదు. కడప జిల్లాలో పుట్టిన బి.ఎన్. రెడ్డి గారు 1940లోనే 'సుమంగళి'లో వితంతు వివాహం గురించి మాట్లాడారు. 1951లో 'మల్లీశ్వరి' తీశారు. అంతఃపురంలో చిక్కుకున్న పల్లెపిల్ల మల్లి వేదన 'దాసి'కి పెద్దక్కలాంటిదే. దక్షిణాదికి తొలి ఫాల్కే అవార్డు తెచ్చిందీ ఆయనే.

ఆ తర్వాత ఏమయింది? 1999లో 'సమరసింహారెడ్డి' ఆడింది. ఇక వరస కట్టాయి. 2003లో 'ఒక్కడు' పుణ్యమా అని కర్నూలు కొండారెడ్డి బురుజు అందరికీ తెలిసింది. ఆ బురుజు చుట్టూ బతికే ఆడవాళ్ళు మాత్రం తెలియలేదు. ఇలాంటి సినిమాల్లో మా స్త్రీకి రెండే పనులు: మొగుడి శవం మీద పడి ఏడవటం, కొడుక్కి బొట్టుపెట్టి కత్తి అందించటం. మా అక్క కూతురు ఊరుగాని ఊళ్ళో హాస్టల్లో చేరితే తోటిపిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని. ఆ పిల్ల ఆ రోజు నుంచీ ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పటం మానేసింది. దీన్ని వినోదమంటారా, మీరే చెప్పండి!

ఈమధ్య కాస్త గాలి మారింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' నవల 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. వానల్లేక గొర్రెల్ని నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ. చిత్రీకరణ మాత్రం వికారాబాదు అడవుల్లో! కొండకెళ్ళిన ఓబులమ్మ అందులో ఉంది గానీ, ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు కరువును ఎలా ఈదుతారో చూడటానికి కెమెరా ఆగలేదు. అదే ఏడాది ప్రవీణ్ కండ్రేగుల 'సినిమా బండి' తీశారు. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు పల్లె, కొత్త ముఖాలు, అచ్చం అక్కడి యాస. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరివాళ్ళే సినిమా తీస్తారు. కూరగాయలమ్మే మంగ హీరోయిన్! కత్తి లేకుండానే మా వైపు జనాన్ని చూస్తూ కూర్చోవచ్చని నమ్మకం కలిగింది.

తెలంగాణాకు 'దాసి' ఉంది. మాకింకా ఆ ఒక్క సినిమా బాకీ. నడివేసవిలో బోరు దగ్గర వంతు కోసం నిలబడిన మనిషి దగ్గర, బిందె నిండేదాకా కదలకుండా ఆగే కెమెరా కావాలి. ఆ కెమెరా వెనక మగవాడే ఉండాలని ఎక్కడా రాసిలేదు. ఇప్పుడు ఫోన్లోనే కెమెరా ఉంది. మా కర్నూలు, కడప పిల్లలకు నా మాట ఒకటే: ముందు మీ అమ్మను తియ్యండి తల్లీ.