అహరోను పతకం నుంచి హెబ్రీ పత్రిక దాకా

బైబిలు మొదటినుంచీ చదువుదామని కూర్చున్నవాళ్లలో చాలామంది లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. బలులు, రక్తం, నార బట్టలు, కొలతలు, ఇవన్నీ మనకెందుకని పుస్తకం మూసేస్తారు. అలాంటివాళ్లను చేయి పట్టుకుని ఆ యాజకధర్మం లోపలికి నడిపించిన గురువులు ఆస్ట్రేలియాలో పుట్టారు. వాళ్ల చదువు రుచి మరిగాక మరో బోధ నా చెవికెక్కడం లేదు.

ఆ గడ్డ మీద 1788 ఫిబ్రవరి 3న రిచర్డ్ జాన్సన్ అనే పాదిరి చేసిన మొదటి ప్రసంగమే 116వ కీర్తన మీద. 1856లో సిడ్నీ ఆంగ్లికన్ల మూర్ కాలేజీ వెలిసింది. చరిత్ర అంతటితో చాలు, పనితనం చూద్దాం.

నేను చెప్పిన ఆ గురువుల పద్ధతిలో మెట్లు మూడు. మొదట, పాఠాన్ని దాని కాలంలోనే చూడాలి. నిర్గమకాండం 28 తీయండి. ప్రధాన యాజకుడు అహరోను తొడిగే ఏఫోదు భుజాల మీద రెండు రత్నాలు, ఒక్కోదాని మీద ఆరు పేర్లు. రొమ్ము మీది పతకంలో నాలుగు వరుసల్లో 12 రాళ్లు, మళ్లీ గోత్రాల పేర్లే. ఆ సొగసు అహరోను కోసం కాదు. జనాన్నంతా భుజాన, గుండెన మోసుకుని అతను సన్నిధికి వెళ్లాలి. ఇక లేవీయకాండం 16లో, ప్రాయశ్చిత్త దినాన, నార బట్టలు మాత్రమే కట్టుకుని తెర లోపలికి వెళ్లాలి. అంతకుముందు తన పాపం కోసమే కోడెను అర్పించాలి!

రెండో మెట్టు, లేఖనం తన లోటును తానే చెప్పుకునే చోటు వెతకడం. సీనాయి దగ్గర జనమంతా యాజకరాజ్యం కావాలన్నాడు దేవుడు. 110వ కీర్తన యాజకుల గోత్రమైన లేవీని దాటి, పూర్వకాలపు యాజకుడు మెల్కీసెదెకు వైపు చూస్తుంది, నిరంతరం నిలిచే యాజకుణ్ని అడుగుతుంది. మూడో మెట్టు క్రీస్తు. యూదా గోత్రంలో పుట్టి, ఒక్కసారే, తన రక్తంతోనే లోపలికి వెళ్లాడంటుంది హెబ్రీ పత్రిక. ఆ తర్వాతే మన వంతు. పేతురు సంఘమంతటినీ యాజక సమూహం అంటాడు. నాయకులకు కొత్త నిబంధన ఇచ్చిన పేర్లు పెద్దలు, అధ్యక్షులు, కాపరులు.

మూర్ కాలేజీలో డోనాల్డ్ రాబిన్సన్ వేసిన ఈ బాటను గ్రేమ్ గోల్డ్స్‌వర్తీ 1981లో ‘గాస్పెల్ అండ్ కింగ్‌డమ్’ అనే చిన్న పుస్తకంలో మామూలు విశ్వాసికి అందించారు. ఇక లియాన్ మోరిస్! 1914లో లిత్‌గో పట్టణంలో పుట్టి, దక్షిణ ఆస్ట్రేలియాలోని మారుమూల మిన్నిపాలో సేవ చేశారు. భార్య బండి నడుపుతుంటే పక్కన కూర్చుని గ్రీకు చదివేవారని చెప్పుకుంటారు. విమోచన, నిబంధన, రక్తం వంటి మాటలను హెబ్రీ లేఖనాల్లో ఒక్కొక్కటిగా తరచి చూసి 1955లో ఆయన రాసిన సిలువ గ్రంథం ముందు ఎంతటి పండితుడైనా నిలబడి లెక్క చెప్పాల్సిందే.

యాజకత్వం అనగానే అభిషేకం ఎవరికన్న వాదం ముందుకొస్తుంది. 1992లో పెర్త్‌లో ఆంగ్లికన్ ఆర్చిబిషప్ పీటర్ కార్న్‌లీ పదిమంది స్త్రీలకు గురుపట్టం ఇచ్చారు. సిడ్నీ ఆంగ్లికన్లు ఆ దారిన నడవలేదు. క్రీస్తు యాజకత్వం గురువుల అభిషేకంలో ప్రత్యేకంగా కొనసాగుతుందని కతోలికులు నమ్ముతారు. కానీ ఆ వాదం కంటే ముందు యాజకుడెవరన్నది తేలాలి. ఆ విషయంలో నేను మోరిస్ పక్షం, హెబ్రీ పత్రిక పక్షం.

అందుకే ఇవాళ్టి నకిలీ సరుకు చూస్తే ఒళ్లు మండుతుంది. మధ్యలో మెట్లేవీ ఎక్కకుండా అహరోను తల మీది తైలం నుంచి ఒక్క గంతులో వేదిక మీది ‘అభిషిక్తుడి’ దగ్గరికి దూకేస్తారు. నూనె సీసాలు అమ్ముతారు. ప్రశ్నిస్తే శాపం తగులుతుందని బెదిరిస్తారు. అహరోను జనాన్ని మోశాడు, వీళ్లు జనం చేత మోయించుకుంటున్నారు. క్రీస్తు మరణంతో చిరిగిన తెరను మళ్లీ కుట్టి, దాని ముందు టికెట్ పెట్టినవాళ్లు వీళ్లు!

సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో తెలుగులో ఆరాధించుకుంటున్న సోదరీసోదరులారా, ఈ చదువు మీ గుమ్మంలోనే ఉంది. లేవీయకాండం 16, హెబ్రీ 9 పక్కపక్కన పెట్టుకుని పిల్లలతో కలిసి చదవండి. ఆ రెండు అధ్యాయాలూ పూర్తిగా బోధించమని మీ కాపరిని అడగండి. అడిగే హక్కు మీకుంది, మీరూ యాజకులే.