రాక్షసవధ వెనక చేతులు

తోలుబొమ్మలాటలో కుంభకర్ణుడు కూలే ఘట్టానికి అందరూ బొమ్మను మెచ్చుకుంటారు. నా దండం మాత్రం తెర వెనక చేతులకు. నిమ్మలకుంట ఊరి కళాకారులు పలచగా గీకిన మేకతోలుకు రంగులద్ది, నగల చోట ఉలితో చిల్లులు పొడిచి, కాళ్లకూ చేతులకూ దారంతో కీళ్లు కడతారు. బొమ్మను తెరకు అదిమితే రాక్షసుడి కోరలు స్పష్టంగా మెరుస్తాయి. కాస్త వెనక్కి లాగితే మసకబారతాయి. ఆటగాడు రెండు చేతులా రెండు బొమ్మలను ఢీకొట్టిస్తూ, పద్యం పాడుతూ, కాలికింది చెక్కలను టకటకలాడిస్తుంటే యుద్ధం చెవుల్లో మోగుతుంది. నెత్తురు పారే ఆ ఘట్టాల మధ్యే హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి మోటు సరసాలాడతారు. భయంతో బిగుసుకున్న పిల్లలు పకపకా నవ్వేస్తారు. భయపడటం, ఆ భయాన్ని నవ్వుతూ దులిపేసుకోవడం ఒకే రాత్రిలో నేర్పే ఈ విద్యను ఎంత మెచ్చుకున్నా తక్కువే.