పళ్లెము లేని ఫలభక్ష్యము

వెడల్పైన పళ్లెములో కాల్చి, కత్తితో కోసి, చెంచాతో వడ్డించెడు ఆపిల్ పై పాశ్చాత్యుల ఇండ్లలో కూర్చుండి తినెడు భక్ష్యము. అదే పిండిని, అదే పండును అరచేతిలో ఇముడునంతటి అర్ధచంద్రాకృతికి కుదించి, అంచులు మూసి కాల్చినచో అది నడచుచు తినెడు భక్ష్యమగును. అమెరికా దక్షిణ రాష్ట్రములవారు దీనిని హ్యాండ్ పై యనియు, నూనెలో వేచినచో ఫ్రైడ్ పై యనియు, పెన్సిల్వేనియాలోని ఆమిష్ అను క్రైస్తవశాఖవారు హాఫ్ మూన్ పై యనియు, ఆంగ్లేయులు టర్నోవర్ అనియు వ్యవహరింతురు. ఇది పెద్ద పైకి పిల్ల యని తలచువారు కలరు గాని, ఆ తలపు సరియైనది కాదు. పెద్దదానికి రసము కారినను పళ్లెము పట్టుకొనును, అడుగు మెత్తబడినను చెంచా ఆదుకొనును. చిన్నదానికి అట్టి దిక్కేదియు లేదు. పిండిపొరయే దానికి పాత్ర, పిండిపొరయే మూత, పిండిపొరయే భోజ్యము. పండులోని నీటిని పిండి లోపలనే నిలిపియుంచుట యెట్లను ప్రశ్నకు తరతరముల గృహిణులు వెదకిన సమాధానమే ఈ వంట యని నా అభిప్రాయము.

పిండిని పాత్రగా వాడుట బహుపురాతనమైన పద్ధతి. ఇంగ్లండు రాజైన రెండవ రిచర్డు వంటవారు 1390 ప్రాంతమున కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’ యను పాకగ్రంథమున ఆపిళ్లు, బేరిపండ్లు, అంజూరపుపండ్లు, ఎండుద్రాక్షలు, కుంకుమపువ్వుతో కూడ పిండిపెట్టెలో కాల్చు విధము చెప్పబడినది. చక్కెర ఊసు లేదు, అంజూరమును ద్రాక్షయునే తీపి. కార్న్‌వాల్ గనికార్మికులు మాంసము, బంగాళదుంపలు నింపిన పేస్టీని వెంటగొనిపోయెడివారు. దాని లావుపాటి అంచు, విషధాతువు లంటిన వ్రేళ్లతో పట్టుకొని పిదప పారవేయుటకే ఏర్పడినదను కథ లోకమున ప్రచారములో నున్నది గాని, చరిత్రకారులందరును దానిని అంగీకరింపరు. గుడ్డలోనో కాగితములోనో చుట్టుకొని కొసవరకును తినియుందురనుటయే ఆకలిగొన్నవాని నడవడికి తగియున్నది. 1820ల దశకమున ఆ గనికార్మికులే మెక్సికోలోని రియల్ దెల్ మోంతె వెండిగనులకు వలసపోగా, ఆ పేస్టీయే అచ్చట ‘పాస్తే’ యై, నేడు అనాసపండు నింపినదియు దొరకుచున్నది.

అయితే పండ్ల పై తన నిజస్వరూపమును పొందినది అపలాచియన్ పర్వతసీమలో నని చెప్పవలెను. ఉత్తర కెరొలినా, టెనెసీ, కెంటకీ రాష్ట్రములను ఒరసికొనిపోవు ఆ కొండలలో ప్రతి యింటి పెరటిలోను ఆపిల్ చెట్లుండుట, పండ్లన్నియు ఒక్కుమ్మడిగా పండుట, పిదప దీర్ఘమైన శీతకాలము వచ్చుట యను మూడును కలిసి, పండును ఎండబెట్టవలసిన అవసరమును కల్పించినవి. పండ్లను చెక్కు తీసి, గింజలుండు నడిమి భాగమును తొలగించి, పలుచని ముక్కలుగా తరిగి, దుప్పట్లమీద పరచి రేకుల యింటికప్పులపై ఎండబెట్టుదురు. లేదా ముక్కలను దారమునకు గ్రుచ్చి పొయ్యి ప్రక్కన వ్రేలాడగట్టుదురు. ముక్కలు నల్లబడకుండుటకై పీపాలో గంధకము పొగవేయువారును ఉండిరి. ఎండిన ముక్కలు సంచులలో నెలల తరబడి నిలుచును. కావలసిన దినమున గుప్పెళ్లకొలది తీసి, నీరు పోసి సన్ననిసెగపై ఉడికించి, మెదిపి, చక్కెరయు దాల్చినచెక్కయు చేర్చి, గరిటెతో ప్రక్కకు త్రోసినచో తిరిగి కూడుకొననంత గట్టిగా దగ్గరపెట్టుదురు. దానిని పిండి బిళ్లలో మడచి, పోతయినుప మూకుడులో పంది కొవ్వుపై ఇరువైపుల కాల్చుటయే వారి ఫ్రైడ్ పై.

ఎండుపండు పేదరికమువలన వచ్చిన ప్రత్యామ్నాయమని పట్టణవాసులు భావింపవచ్చును. పాకశాస్త్రదృష్టితో చూచినచో అది ప్రత్యామ్నాయము కాదు, ఉత్తమపక్షము. పచ్చి ఆపిల్‌లో నూటికి ఎనుబదియైదు పాళ్లు నీరు. దానిని పచ్చిగనే పిండిలో పెట్టి కాల్చినచో ముక్కలు కుంచించుకొనిపోయి లోపల డొల్ల యేర్పడును, వదలిన రసము అంచును చీల్చుకొని బయటికి వచ్చి పళ్లెముపై మాడును. సూర్యుడు ముందుగనే ఆ నీటిని తీసివేసిన పండుతో ఈ చిక్కు లేదు. ఇంకొక విశేషము: పెద్ద పైలో పండు హెచ్చు, పిండి తక్కువ, చిన్నదానిలో సగమునకు సగము పిండియే. అంతటి పిండిని ఎదుర్కొని నిలువవలెనన్న పండు రుచి చిక్కబడియుండవలెను, పులుపు కొంచెము మీరియుండవలెను. ఎండినపండున ఆ చిక్కదనము సహజముగనే కలదు.

మన కజ్జికాయయు ఇట్టిదే. దాని ఆకృతియు అర్ధచంద్రమే, దాని అంచును గోటితో మడతలు మడతలుగా అల్లుటయు, చేతకానివారు చెక్క అచ్చులో నొక్కుటయు మనకు తెలిసినదే. కజ్జికాయ వారముల తరబడి చెడకుండుటకు కారణము దానిలోని కొబ్బరియు బెల్లమును, లేక పుట్నాలపొడియు నువ్వులును, ఏవైనను తడి లేనివై యుండుట. పచ్చి పండును లోపల పెట్టుటకు మన పూర్వులు సాహసింపలేదు. అపలాచియన్ గృహిణియు సాహసింపలేదు, ఎండబెట్టి పెట్టినది.

పెన్సిల్వేనియా ఆమిష్ వారి ఎండు ఆపిల్ ముక్కలను ‘ష్నిట్స్’ అందురు. మిఫ్లిన్ కౌంటీలో బిగ్ వ్యాలీ యను లోయనున్న ఆ సమాజమున ప్రార్థనకు దేవాలయ భవనము లేదు. ఆదివారపు ప్రార్థన ఒక్కొకసారి ఒక్కొక యింట జరుగును, పిదప అందరికిని ఆ యింటనే భోజనము. అట్టి పంక్తికి హాఫ్ మూన్ పై యెంత యనుకూలమో వేరుగ చెప్పనక్కరలేదు. కోయనక్కరలేదు, పళ్లెములు కడుగనక్కరలేదు, ఎవరి ముక్క పెద్దదను పేచీకి తావు లేదు.

ఇక మన యింట చేయదలచినవారికి ఎండు ఆపిళ్లు దొరకనిచో పచ్చివానితోనే చేయవచ్చును గాని, ముందు ఉడికించి నీటిని అదుపులోనికి తేవలెను. గ్రానీ స్మిత్ అను ఆకుపచ్చని జాతి గట్టిది, పుల్లనిది, ఉడికినను రూపు చెడనిది, అదియే శ్రేష్ఠము. మన బజారులలో ఎఱ్ఱగా మెఱయుచు దొరకునది చాలవరకు డెలీషియస్ జాతి. దానికిని అమెరికాకును సంబంధము కలదు. ఫిలడెల్ఫియానుండి వచ్చి హిమాచలమున స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్, పిదప సత్యానందుడైనవాడు, 1916లో కోట్‌గఢ్‌లో ఆ జాతి మొక్కలు నాటించెను. కొరికి తినుటకు బాగుండును గాని ఉడికినచో ముద్దయై, పులుపు చాలక చప్పబడును. నిమ్మరసము పిండక తప్పదు. అరకిలో ముక్కలకు నాలుగైదు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి, ఒక నిమ్మచెక్క రసము చేర్చి, ఊరిన రసము చాలవరకు ఇగిరిన పిమ్మట చెంచాడు కార్న్‌ఫ్లోర్ నీటిలో కలిపి పోసి, తెర్లనిచ్చి దింపవలెను. ఆ పిండి తెర్లిననే గాని చిక్కబడదు. చిన్న పై ఓవెనులో నుండు స్వల్పకాలమున లోపల ఆ పని జరుగునన్న నమ్మకము లేదు గావున, పొయ్యిమీదనే ముగించుట మేలు. చల్లారని పండును పిండిలో పెట్టరాదు. ఈ యొక్క మాట మఱచినచో మిగిలిన శ్రమయంతయు వ్యర్థము.

ఎందుకన, పిండిలోని రహస్యమంతయు వెన్న కరగకుండుటలో నున్నది. మూడు పాళ్లు మైదా, రెండు పాళ్లు వెన్న, ఒక పాలు చల్లని నీరు, తూకమున నివి పెద్ద పైకి సంప్రదాయసిద్ధమైన కొలతలు. చేతబట్టి తినుదానికి వెన్నను మైదాలో సగమునకు తగ్గించినచో పొర బలముగా నుండును. బజారు వెన్నలో ఎనుబది పాళ్లు కొవ్వు, పదునాఱు పాళ్ల వరకు నీరు. చల్లగా గట్టిగా నున్న వెన్నను బఠాణీగింజలంత ముక్కలుగా మైదాలో కలిపి, ముద్ద కూడుటకు చాలునంత నీరు మాత్రమే చిలకరించి, మర్దింపక దగ్గరకు చేర్చి ఒత్తినచో, ఆ ముక్కలు పలుచని రేకులై మైదా పొరలనడుమ పరచుకొనును. ఓవెను వేడికి వెన్న కరగినచోట ఖాళీ యేర్పడి, దానిలోని నీరు ఆవిరియై పొరలను పైకెత్తును. వెన్న ముందే కరగినచో మైదా దానిని పీల్చుకొనును, పొరలకు మారుగా బిస్కత్తువంటి గుల్లతనము మిగులును. వెన్న కరగుట 32 నుండి 35 డిగ్రీలలో. విజయవాడలోను రామగుండములోను వైశాఖమాసపు మధ్యాహ్నమున వంటయింటి గోడలే అంతకన్న వేడిగా నుండును. కావున మన గృహిణి తెల్లవారుజామున పూనుకొనవలెను; మైదాను, గిన్నెను, అప్పడాల కఱ్ఱను సైతము రాత్రియే ఫ్రిజ్‌లో పెట్టుకొనవలెను. కలిపిన ముద్దను అరగంట చల్లగా విశ్రమింపనిచ్చినచో మైదాలోని బంక సడలి, ఒత్తునపుడు వెనుకకు లాగుకొనదు.

ఒత్తుట రెండు మూడు మిల్లీమీటర్ల మందము. జానెడుకన్న కొంచెము తక్కువ వెడల్పుగల బిళ్లను కోసి, నడిమి గీతకు ఈవలివైపున రెండు చెంచాల పండు పెట్టి, అంచు చుట్టును వ్రేలి వెడల్పు ఖాళీగా విడువవలెను. ఆ ఖాళీపై పండు మరక యంటినను అచ్చట అతుకు నిలువదు. తడి వ్రేలితో అంచును ఒకసారి రాచి, మడచి, లోపలి గాలిని పండు ప్రక్కనుండి అంచువైపు వ్రేళ్లతో తోసివేసి, ఆ పిమ్మట ఫోర్కుతో నొక్కవలెను. నొక్కుచోట పిండి రెండు పొరలు ఒకటై, ఫోర్కు పండ్ల నడుమ సన్నని గట్లు లేచినచో అతుకు కుదిరినట్లు. పైభాగమున కత్తికొనతో రెండు మూడు గాట్లు పెట్టుట అలంకారమునకు కాదు, ఆవిరికి దారి యిచ్చుటకు. ఫ్రెంచివారు తమ ‘షోసాం ఓ పొమ్’ను మూసిన పిదప తలక్రిందులు చేసి, నునుపైన అడుగుభాగమును పైకి తెచ్చి, దానిపై ఆకు ఈనెలవలె గీతలు గీయుదురు. వారి పిండి మడతల పిండి. మూడేసి మడతలు ఆఱుమార్లు వేయగా వెన్నపొరలు 729 అగునని లెక్క. ఇంటివంటకు అంతటి వైభవము అవసరము లేదని నా మతము.

మూసినవానిని మరల పావుగంట చల్లబరచి, పాలో గ్రుడ్డుసొనయో పూసి, 200 డిగ్రీల వేడిలో ఇరువది నుండి ఇరువదియైదు నిమిషములు కాల్చవలెను. పళ్లెమును ముందుగనే ఓవెనులో వేడిచేసి దానిపై జార్చినచో అడుగు తొందరగా బిగియును. లేతపసుపు రంగునకే తృప్తిపడి తీయువారు కలరు. గోధుమవన్నె ముదిరిననే పిండికి రుచి. గాట్లలోనుండి రసము నెమ్మదిగా తెర్లుచు కనబడుట సరియైన గుర్తు. తీసినవెంటనే తీగెల జల్లెడపై నుంచి ఆఱనీయవలెను. వేడిమీద స్టీలు డబ్బాలో మూతపెట్టినచో ఆవిరి తిరిగి పిండికెక్కి, అంతవరకు పడిన పాటు బూడిదలో పోసినట్లగును.

ఈ భక్ష్యమును యంత్రశాలలును వదలలేదు. న్యూ ఆర్లియన్స్‌లో 1922 నుండి హ్యూబిగ్స్ వారు వేచుచుండిన పైలపై ఆ నగరవాసులకు ఎంత మమకారమనగా, 2012లో ఆ కర్మాగారము అగ్నికి ఆహుతియైన పిమ్మట పదియేండ్లు ఎదురుచూచి, 2022లో అవి మరల అంగళ్లకు రాగా ఆదరముతో కొనిరి. మెక్డొనాల్డ్స్ వారు 1968లో వేచిన ఆపిల్ పైని దేశమంతట ప్రవేశపెట్టి, 1992లో అమెరికాలో దానిని కాల్చినదిగా మార్చిరి. ఇట్టివానిని నిందింపబోను గాని, యంత్రమునకు పగులని పై ముఖ్యము, పండు రుచి తరువాతిది. అందుచేత లోపలి పాకము పండుకన్న గంజికి దగ్గరగా నుండుట తఱచు. ఇంటిలో చేయువానికి ఆ నిర్బంధము లేదు. పదింటిలో ఒకటి పగిలినను, దానిని పొయ్యి దగ్గరనే తిని, తొమ్మిదింటిని పంపవచ్చును.

ఆపిల్‌కు మారుగా మన మామిడిని వాడదలచువారు తోతాపురి రసమును, అనగా మనవారి కలెక్టరు కాయ రసమును, మామిడితాండ్రకు పోయుదానికన్న చిక్కగా, మూకుడు అంచులను విడుచునంతవరకు దగ్గరపెట్టవలెను. తాండ్రనే సన్నగా తరిగి కొంచెము ఆ రసముతో కలిపి నింపినచో ఇంకను భద్రము. జామపండు గింజలు వడగట్టి ఇట్లే చేయవచ్చును. అనాస మాత్రము నీరు మెండైనది. దానిని చేపట్టుటకు ముందు రెండు మార్లు ఆపిల్‌తో చేయి తిరుగనిచ్చుట మంచిది. ఒక్కసారి ఎక్కువగా చేయువారు పచ్చివానినే ఫ్రీజరులో విడివిడిగా గడ్డకట్టించి దాచుకొని, కావలసినన్ని తీసి, కరగనీయక నేరుగా ఓవెనులో పెట్టి, ఐదాఱు నిమిషములు అదనముగా కాల్చుకొనవచ్చును. కాల్చినవి మాత్రము మన వేసవిలో ఒక దినముకన్న బయట నుంచరాదు.