సంచి డబ్బు ఎవరి గల్లాపెట్టెలోకి?

రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి 2002 మార్చి 4న ఐర్లండ్‌లో అమల్లోకి వచ్చిన ప్లాస్టిక్ సంచుల సుంకం. రెండోది 2011 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో క్యారీబ్యాగుల గురించి ఉన్న చిన్న భాగం. రెండూ కోరింది ఒకటే. కొట్లో కవరు ఊరికే ఇవ్వకూడదు, తీసుకున్నవాళ్లు డబ్బు కట్టాలి, కట్టడం ఇష్టంలేక ఇంటి నుంచే సంచి తెచ్చుకోవాలి. మొదటిది ఒక దేశపు అలవాటును మార్చేసింది. రెండోది వినియోగదారుల ఫోరాల్లో కేసుల కట్టలు పెంచింది. ఎందుకిలా జరిగిందంటే మన జనానికి క్రమశిక్షణ లేదనే మాట వెంటనే వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. పాత తరం కిరాణా కొట్టుకు గోనెసంచి, నూనెకు సీసా, కూరగాయలకు వైరుబుట్ట పట్టుకెళ్లిన జనం మనం. లోపం రాతలోనే ఉంది.

ఐర్లండ్ 2002 నాటి రాతను చూడండి. ఒక్కో సంచికి 15 సెంట్లు. కొట్టువాడు దాన్ని కొనేవాళ్ల దగ్గరే వసూలు చేయాలి. పోటీ కోసం తానే భరించి ఊరికే ఇస్తానంటే కుదరదు. రసీదులో దాన్ని విడిగా చూపాలి. వసూలైన ప్రతి సెంటూ రెవెన్యూ శాఖకు కట్టాలి, అక్కడి నుంచి పర్యావరణ నిధికి చేరాలి. పచ్చి చేపలు, మాంసం, విడిగా కొన్న పండ్లు చుట్టే చిన్న సంచులకు మినహాయింపు. మళ్లీమళ్లీ వాడేందుకు 70 సెంట్లు, ఆపైన ధరకు అమ్మే గట్టి సంచులకూ సుంకం లేదు. ఎవరు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరు పుచ్చుకోవాలి, ఎక్కడ రాసి చూపాలి, చివరికి ఆ డబ్బు ఎటు పోవాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఎవరి ఇష్టానికీ వదిలిన చోటు కనిపించదు.

ఆ 15 సెంట్ల అంకె ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. సుంకానికి ముందు జరిగిన ఒక అధ్యయనంలో, సంచికి ఎంతదాకా పెట్టగలరని జనాన్ని అడిగితే సగటున 2.4 సెంట్లు తేలింది. అప్పటి పర్యావరణ మంత్రి నోయెల్ డెంప్సీ హయాంలో దానికి ఆరు రెట్లకు పైగా వేశారు. కట్టేసి మరచిపోయే చిల్లర కాకూడదన్నది వాళ్ల లెక్క. తలకు ఏడాదికి సుమారు 328 సంచులు వాడే దేశం 21కి దిగింది. రోడ్ల మీది చెత్తలో దాదాపు అయిదు శాతంగా ఉన్న ప్లాస్టిక్ సంచుల వాటా ఒక శాతం లోపుకు పడిపోయింది. కొన్నేళ్లకు వాడకం మళ్లీ మెల్లగా 30 దాకా పాకింది. 15 సెంట్లు అలవాటైపోయాయన్నమాట. 2007 జులైలో దాన్ని 22 సెంట్లు చేశారు. ధర ఒకసారి పెట్టి వదిలేసేది కాదని, కాపలా కాయాలని వాళ్లకు తెలుసు. ఆ సుంకం మీద 2007లో ఫ్రాంక్ కాన్వెరీ బృందం రాసిన వ్యాసం, యూరప్‌లో జనం అత్యంత ఇష్టపడే పన్ను ఇదేనా అని శీర్షికలోనే అడిగింది. పన్నును ఇష్టపడటమన్న మాట మన చెవికి కొత్తగా ఉంటుంది. డబ్బు ఎక్కడికి పోతుందో కట్టేవాడికి తెలియడమే అందుకు మూలమని నా నమ్మకం.

ఇప్పుడు మన 2011 రాత. చిల్లర వర్తకులు క్యారీబ్యాగులను ఉచితంగా ఇవ్వరాదు. ఆ వాక్యం గట్టిదే. తర్వాతి వాక్యమే బలహీనం. సంచి ముడిసరుకు ఖర్చు, అది చెత్తయ్యాక దాన్ని వదిలించే ఖర్చు కలిసివచ్చేలా కనీస ధరను పురపాలక సంస్థ నిర్ణయించవచ్చు అంటుంది. ఆ ‘వచ్చు’ దగ్గరే మొత్తం జారిపోయింది. నిర్ణయించకపోతే ఏమిటి? నిర్ణయించినా ఆ డబ్బు కొట్టు నుంచి పురపాలక సంస్థకు ఏ దారిన చేరాలి? రసీదులో ఎలా చూపాలి? ఒక్క మాటా లేదు. చెత్త తీసే ఖర్చు పేరుతో వసూలయ్యే సొమ్ము, చెత్త తీసేవాళ్ల ముఖం చూడకుండా కొట్టువాడి గల్లాపెట్టెలోనే ఉండిపోయింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే.

2016 మార్చిలో నిబంధనలను తిరగరాశారు. ఈసారి కర్ర రెండో వైపుకు వంగింది. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు ఇవ్వదలచిన దుకాణదారులు, వీధి వర్తకులు స్థానిక సంస్థలో నమోదు చేసుకోవాలి, నెలకు 4,000 చొప్పున ఏడాదికి కనీసం 48,000 రూపాయలు కట్టాలి, సంచికి డబ్బు తీసుకుంటామని బోర్డు పెట్టాలి. డబ్బుకు ఇప్పుడు పురపాలక సంస్థ దాకా దారి దొరికింది, కాని అది సంచుల లెక్కతో నడవదు. రోజుకు పది కవర్లు ఇచ్చే తోపుడుబండికీ పదివేలు ఇచ్చే మాల్‌కూ అదే కనీస రుసుము. బండి మీద జామకాయలమ్మే మనిషి నెలకు నాలుగు వేలు ఎక్కడి నుంచి తెస్తాడు? నమోదు చేసుకోకుండా దొంగచాటుగా కవరు ఇవ్వడం తప్ప అతనికి దారి లేదు. 2018 మార్చిలో ఆ నిబంధనను మొత్తంగా తీసేశారు. ఐర్లండ్ వాళ్లు 15ను 22 చేసి సరిదిద్దుకున్నారు. మనం సున్నా నుంచి 48,000కు ఎగిరి మళ్లీ సున్నాకు వచ్చాం.

ఆ తర్వాత మన దృష్టంతా మైక్రాన్ల మీదికి పోయింది. 2011లో కనీస మందం 40, 2016లో 50, 2021 సెప్టెంబర్ 30 నుంచి 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120. మందంగా ఉంటే ఖరీదు పెరుగుతుంది, ఊరికే ఇవ్వరు, చెత్త ఏరుకునేవాళ్లకు గిట్టుబాటవుతుంది అన్నది ఆలోచన. కాదనను. అయితే సంత రోజున వందల బండ్ల మధ్య తిరిగే పారిశుధ్య సిబ్బంది 75కూ 120కీ తేడాను వేళ్లతో నలిపి చెప్పలేరు. 15 సెంట్లు పడ్డాయో లేదో రసీదు చదవగలిగిన పిల్లవాడైనా చెబుతాడు. సామాన్యులు సొంతంగా తనిఖీ చేసుకోగలిగిన నిబంధనకు కాలంతోపాటు బలం పెరుగుతుంది.

మన దగ్గర ఈ వ్యవహారం ఇంతగా గుచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. తెలుగువాళ్లకు బేరంలో కొసరు హక్కు. కిలో వంకాయలు తూచాక పైన రెండు వేయడం, మూర పూలకు వేలెడు కలపడం, కూర కొంటే కరివేపాకు రెబ్బ ఊరికే పెట్టడం వల్లే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య మాట మిగులుతుంది. సూపర్‌మార్కెట్‌లో కొసరు లేదు. తూకం యంత్రం గ్రాము కూడా వదలదు. అక్కడ కొసరు స్థానంలో మిగిలింది కవరు ఒక్కటే. దానికీ రేటు కడితే జేబుకు పడే చిల్లు చిన్నదే, మనసుకు మాత్రం తగులుతుంది. చుట్టి ఇవ్వడం అమ్మేవాడి పని అని మనవాళ్లకు ఎవరూ నేర్పలేదు. పాత పత్రికల కాగితంలో పప్పు పోసి పురికొసతో బిగించిన పొట్లమే నేర్పింది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం కూడా వేరే ఒప్పందం లేకపోతే సరుకును అప్పగించడానికి వీలైన స్థితికి తెచ్చే ఖర్చు అమ్మేవాడిదేనంటుంది.

అందుకే 2019లో చండీగఢ్ జిల్లా ఫోరం ముందుకు వచ్చిన మూడు రూపాయల కేసు దేశమంతా మాట్లాడుకునేలా చేసింది. బాటా దుకాణంలో బూట్లు కొన్న ఒకాయనకు 402 రూపాయల బిల్లు వచ్చింది. అందులో మూడు రూపాయలు కాగితం సంచికి. ఆ సంచి మీద కంపెనీ పేరు. ఫోరం ఆ మూడు రూపాయలు తిరిగివ్వమంది. పరిహారం, ఖర్చులు, న్యాయసహాయ ఖాతాకు జమ కలిపి 9,000 రూపాయలు కట్టమంది. 2020 డిసెంబర్‌లో బిగ్ బజార్ కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇంకొంచెం లోతుకు వెళ్లింది. సరుకులన్నీ ఏరుకుని డబ్బు కట్టే చోటికి వచ్చాక సంచికి వేరే ధర అని చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి అంది. దుకాణాన్ని ఎంచుకోకముందే, సరుకు ఏరుకోకముందే ఆ సంగతి తెలియాలంది.

ఆ తీర్పుల్లోని న్యాయం నాకు నచ్చింది, కొనేవాడి గౌరవాన్ని కాపాడాయి. అయినా వాటిని ఐర్లండ్ నిబంధన పక్కన పెడితే ఒక లోటు కనిపిస్తుంది. వాదించిన రెండు పక్షాలూ కొట్టువాడు, కొనేవాడు. కవర్లతో పూడిపోయే మురుగునాలా ఆ కేసుల్లో కక్షిదారు కాదు, నాలాలోకి దిగే కార్మికుడూ కాదు. ఆ కేసుల్లో గొడవ కాగితం సంచి మీద, బట్ట సంచి మీద. అంటే ప్లాస్టిక్‌ను తగ్గించాలన్న పాత నిబంధన స్ఫూర్తిని చూపి, ప్లాస్టిక్ కాని సంచిని సరుకుగా మార్చుకున్నారు. గుమ్మం దగ్గర బోర్డు పెడితే తీర్పును పాటించినట్టే. డబ్బు మళ్లీ అదే గల్లాపెట్టెలోకి.

డబ్బు ప్రభుత్వానికి చేరితేనే ఫలితం ఉంటుందా? ఇంగ్లండ్‌ను చూశాక నా వాదాన్ని కొంత సవరించుకోవాల్సి వచ్చింది. 2015 అక్టోబర్ 5న అక్కడ పెద్ద దుకాణాల్లో సంచికి 5 పెన్నీల వసూలు మొదలైంది. అది పన్ను కాదు. సొమ్ము దుకాణం చేతిలోనే ఉంటుంది, మంచి పనులకు ఇవ్వాలని ప్రభుత్వం ఆశించింది, అంతే. అయినా పెద్ద సూపర్‌మార్కెట్లలో వాడకం 95 శాతానికి పైగా తగ్గింది. 2021 మేలో 10 పెన్నీలు చేసి చిన్న కొట్లకూ వర్తింపజేశారు. ఎలా పనిచేసిందంటే, పెద్ద దుకాణాలు ఎన్ని సంచులు అమ్మాయో, వచ్చిన సొమ్ముతో ఏం చేశాయో ఏటా ప్రభుత్వానికి లెక్క చెప్పాలి, ఆ లెక్క అందరికీ కనబడాలి. కాబట్టి ఖజానాకు చేరడం కంటే లెక్క బయటపడటం ముఖ్యం. మన దగ్గర ఈ రెండూ లేవు. అయితే ఇంగ్లండ్‌లోనూ ఒక చిల్లు పడింది. పల్చటి సంచి తగ్గినచోట ‘జీవితకాలపు సంచి’ పేరుతో మందపాటి ప్లాస్టిక్ సంచులు కోట్లలో అమ్ముడుపోయాయి. అవీ ఒకటి రెండు వాడకాలకే చెత్తబుట్టకు చేరితే ప్లాస్టిక్ బరువు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. 120 మైక్రాన్ల మీద అంత నమ్మకం పెట్టుకున్న మనం దీన్ని శ్రద్ధగా చూడాలి.

ఆ ‘జీవితకాలపు సంచి’కి మన దగ్గర తోబుట్టువు ఒకటి ఉంది. బట్టల దుకాణాల్లో, మిఠాయి కొట్లలో ఇచ్చే రంగురంగుల ‘బట్ట సంచి’ని పట్టుకుని, ప్లాస్టిక్ మానేశాం అని చాలామంది నిజంగానే సంతోషిస్తున్నారు. అందులో ఎక్కువ భాగం నేసిన గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ పోగులను వేడితో అతికించినది. అంటే ప్లాస్టిక్కే. 2021 నిబంధనలు దానికి చదరపు మీటరుకు కనీసం 60 గ్రాముల బరువు ఉండాలన్నాయి. ఈ సంగతి కౌంటరు దగ్గర ఎవరూ చెప్పరు. ఇక అసలు నూలు సంచి విషయానికొస్తే, 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ వేసిన లెక్క ప్రకారం వాతావరణానికి చేసే హానిలో అది పల్చటి కవరుతో సమానం కావాలన్నా 131 సార్లు వాడాలి. మా ఇంట్లో వైరుబుట్ట ప్లాస్టిక్కే, అయినా ఎన్నో ఏళ్లు సంతకు వెళ్లొచ్చింది. పదార్థాన్ని బట్టి పాపపుణ్యాలు పంచే ముందు ఎన్నిసార్లు వాడుతున్నామో అడగాలి.

సంచి తెచ్చుకుంటే రూపాయి తగ్గిస్తాం అనే దుకాణాలను మెచ్చుకోవాలనిపిస్తుంది గానీ, దానివల్ల పెద్ద మార్పు రాదు. అమెరికాలో వాషింగ్టన్ పక్కనున్న మాంట్‌గోమరీ కౌంటీలో అయిదు సెంట్ల పన్ను వేసినప్పుడు టాటియానా హోమనాఫ్ అనే పరిశోధకురాలు గమనించిన లెక్క స్పష్టంగా ఉంది. కొట్టు సంచి తీసుకునేవాళ్లు 82 శాతం నుంచి 40 శాతానికి తగ్గారు. అవే అయిదు సెంట్లు తగ్గింపుగా ఇచ్చినచోట దాదాపు ఏ కదలికా లేదు. వచ్చే అయిదు కన్నా పోయే అయిదే మనిషికి బరువు.

తెలుగు నేల మీద డబ్బు పెట్టి సంచి కొనే అలవాటు గొడవ లేకుండా కుదిరిన చోటు తిరుమల. కొండ మీద ప్లాస్టిక్ కవర్లను తీసేశాక, 2021లో హైదరాబాద్ డీఆర్‌డీఓ ప్రయోగశాల తయారుచేసిన, మట్టిలో కలిసిపోయే సంచులకు లడ్డూ కౌంటర్ల దగ్గర ప్రత్యేక విక్రయం పెట్టారు. భక్తితోనే ఊరుకున్నారనుకోను. కొండంతా ఒకే నియమం, ప్లాస్టిక్ ఎందుకు వద్దో మెట్ల దారి నుంచే కనిపిస్తుంది, కౌంటరు దగ్గర కొత్తగా తెలిసేదేమీ ఉండదు. జాతీయ కమిషన్ అడిగిన ముందస్తు ఎరుక అక్కడ దానంతటదే ఉంది.

పోయిన నెల మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌కు మా ఆవిడ కుట్టిన నవారు పట్టీల సంచి తీసుకుని వెళ్లాను. గుమ్మంలో సెక్యూరిటీ అబ్బాయి ఆపి, “బ్యాగ్ లోపలికి వద్దు సార్, ఇక్కడ పెట్టండి” అని టోకెన్ ఇచ్చాడు. బిల్లింగ్ దగ్గర అమ్మాయి “క్యారీబ్యాగ్ కావాలా సార్?” అంది. నా సంచి గుమ్మం దగ్గర ఉందమ్మా, తెచ్చుకునేదాకా సరుకులు ఇక్కడ ఉండనిస్తావా అని అడిగాను. “వెనక లైన్ ఉంది సార్.” నిజంగానే ఉంది, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ ఆ లైన్లో నిలబడి ఉంది. సరేనన్నాను. రసీదులో బియ్యానికీ సబ్బుకూ మధ్య ఎనిమిది రూపాయలు పడ్డాయి. ఈ ఎనిమిది ఎక్కడికి వెళ్తాయమ్మా అని అడిగితే, ఆ పిల్ల ఏమీ దాచకుండా “కంపెనీకే సార్” అంది. టోకెన్ ఇచ్చి నా సంచి తీసుకున్నాను. సరుకులన్నీ కొత్త కవర్లో, నవారు సంచి ఖాళీగా భుజాన.