ఆపడం ఎవరు నేర్పాలి?

మన ఇళ్లలో బండి నేర్పడమంటే బండిని కదిలించడం నేర్పడమే. క్లచ్ పట్టు, గేరు వెయ్యి, మెల్లగా వదులు, రేస్ ఇవ్వు. ఇంజను ఆఫ్ కాకుండా బండి నాలుగు గజాలు పోయిందంటే వెనకాల పరుగెత్తుకొచ్చే నాన్నో అన్నో మురిసిపోతారు. ఇక ఆపడం గురించి చెప్పేది ఒకే ఒక్క మాట: ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావ్. తండ్రి నుంచి కొడుక్కి, ఇప్పుడు కూతురికీ ఈ మాట చేరుతూనే ఉంది. ప్రాణం కాపాడే బ్రేకును పిల్లల చేతుల్లోంచి తీసేస్తున్నది ఈ మాటే. కొత్తగా బండి పట్టినవాళ్లకు అన్నిటికంటే ముందు రావాల్సింది ఆపడం అని నా గట్టి నమ్మకం.

నేనుండేది తిరుమలగిరిలో. సికింద్రాబాద్ ఆర్టీఏ ఆఫీసు ఇక్కడే. నంబరు ప్లేటు మీద ఏపీ 10 పోయి టీఎస్ 10 వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ 10 అయింది. లైసెన్సు కోసం ఈ చుట్టుపక్కలవాళ్లు రావడం మాత్రం ఇక్కడికే. అందుకేనేమో మా గల్లీల్లో ఏడాది పొడుగునా ఎవరో ఒకరు నేర్చుకుంటూనే కనిపిస్తారు. రేపు డ్రైవింగ్ పరీక్షకు స్లాట్ ఉందంటే ఈ సాయంత్రం ఖాళీ జాగాలో రెండు ఇటుకలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె తిప్పుతుంటారు. కాలు కింద పెట్టకూడదు, గీత దాటకూడదు. పక్కన నిలబడ్డ దోస్తు "చక్రాన్ని చూడకురా, ముందుకు చూడు" అని అరుస్తుంటాడు.

ఈ ఎనిమిదిని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అంత చిన్న జాగాలో బండి తిరగాలంటే హాఫ్ క్లచ్ మీద పట్టుండాలి, వెనక బ్రేకు మీద పాదం తేలిగ్గా ఆని ఉండాలి, మెడ తిప్పి తను వెళ్లాల్సిన వైపు చూడాలి. కన్ను ఎటు పోతే బండీ అటే పోతుంది. గుంతనే చూస్తూ వెళ్లినవాడు గుంతలోనే పడతాడు. ఆ దోస్తు అరిచే మాటలో చాలా విద్య ఉంది.

అయితే ఎనిమిది తిప్పేది ఫస్ట్ గేరులో, నడిచే మనిషి వేగంతో. నలభైలో పోతున్నప్పుడు అడ్డంగా ఆటో తిరిగితే ఏం చేయాలో అది నేర్పదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చూస్తే, అవసరమైతే బండిని ఉన్నపళంగా ఆపగలగడం కూడా డ్రైవింగ్ పరీక్షలో భాగమే. జనం నోట మాత్రం బండి పరీక్ష అంటే ఎనిమిదే. కాబట్టి ఎనిమిదినే బట్టీ పడతారు, లైసెన్సు చేతికొస్తుంది, మర్నాడే కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి ఎక్కుతారు.

నేర్చుకోవడమూ ప్రమాదమూ ఎలా ముడిపడి ఉన్నాయో చెప్పిన ఒక పాత అధ్యయనం ఉంది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు తన బృందంతో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలు జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చాడు. ప్రమాదానికి గురైనవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లేనని అందులో తేలింది. రెండో సంగతి ఇంకా ముఖ్యం. అపాయం కనబడ్డాక గుద్దుకునేదాకా సగటు రైడరుకు దొరికింది రెండు సెకన్లలోపే. ఆ రెండు సెకన్లలో చాలామంది వెనక బ్రేకును అదిమి తొక్కి చక్రాన్ని జార్చేశారు, ముందు బ్రేకును సరిపడా పట్టలేదు. ఊరు వేరు, కాలం వేరు, బండ్లు వేరు. కానీ ఆ కాలు తొక్కిన తొక్కుడు మన వీధుల్లో రోజూ చూస్తున్నదే.

ఎందుకలా అంటే, బ్రేకు పట్టగానే బండి బరువూ మనిషి బరువూ ముందు చక్రం మీదికి వాలతాయి. ముందు టైరు నేలకు గట్టిగా అదుముకుంటుంది, దాని పట్టు పెరుగుతుంది. వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని ఎంత తొక్కినా ఆగేది తక్కువ, జారేది ఎక్కువ. పొడి తారు రోడ్డు మీద బండిని ఆపే శక్తిలో సగానికి పైగా ముందు బ్రేకుదే. కంపెనీలు ముందు చక్రానికి పెద్ద డిస్కు, వెనక చక్రానికి చిన్న డ్రమ్ము పెట్టేది ఇందుకే.

మా అక్క కూతురు ఈ ఏడాది ఇంజినీరింగులో చేరింది. కాలేజీ మేడ్చల్ దారిలో. ఇంట్లో గేర్ల బండి ఉంది, నేర్పమని నా దగ్గరికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే గ్రౌండుకు వెళ్లాం. ఇంజను స్టార్ట్ చేయనివ్వలేదు. ముందు బండిని పక్కన నిలబడి నెట్టుకుంటూ నడవమన్నాను, నడుస్తూ బ్రేకు పట్టమన్నాను. బరువు ఎటు వాలుతుందో చేతికి తెలియాలి కదా. పిల్ల సందేహంగా నిలబడిపోయింది.

"మామయ్యా, ముందు బ్రేక్ కొడితే పడిపోతమని డాడీ చెప్పిండు."

"కొట్టొద్దు బిడ్డా. పిండు. నిమ్మకాయ పిండినట్టు, మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుకుంటూ పో."

తర్వాత ఇరవైలో నడుపుతూ, సున్నంతో గీసిన గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టి ఆపమన్నాను. మొదట వెనక బ్రేకు ఒక్కటే. చక్రం మట్టిలో పొడుగ్గా గీత గీసుకుంటూ, తోక కుడికి ఊగి, ఎక్కడో దూరాన ఆగింది. ఆ చోట చెప్పు పెట్టి గుర్తు ఉంచాం. తర్వాత సిమెంటు రోడ్డు మీదికి వచ్చి రెండు బ్రేకులూ కలిపి. హ్యాండిల్ తిన్నగా, చూపు దూరంగా, వేళ్లు మెల్లగా బిగుసుకుంటూ. ముందు షాకబ్జార్బర్లు కిందికి దిగడం నాకు పక్కనుంచి కనిపించింది. బండి నిటారుగా ఆగింది, ఆఖర్న క్లచ్ పట్టింది, ఎడమ కాలు దించింది. వెనక బ్రేకుతో పట్టిన దూరం ఇప్పుడు పట్టలేదు. పిల్ల మొహంలో భయం పోయి ఆలోచన వచ్చింది. నేర్పేవాడికి అంతకంటే కావాల్సిందేమీ లేదు.

వాళ్ల నాన్న చెప్పింది పూర్తిగా అబద్ధం కాదని కూడా ఆ పిల్లకు చెప్పాను. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు, మలుపులో బండి వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద, తడి మ్యాన్‌హోల్ మూత మీద, వానలో జీబ్రా గీతల రంగు మీద ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తే చక్రం జారి మనిషి పడతాడు. మన పెద్దలు పడింది అలాంటి చోట్లే. మందగమనంలో యూటర్న్ తీసుకునేటప్పుడు వెనక బ్రేకే మంచిది. తేడా తెలియాలి. భయపెట్టి బ్రేకునే దూరం చేస్తే ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

కొత్త బండ్లు కొంత సాయం చేస్తున్నాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్), మిగతా వాటికి కనీసం సీబీఎస్ (కంబైన్డ్ బ్రేకింగ్) తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్ ఉన్న స్కూటర్‌కు ఎడమ చేతి బ్రేకు పట్టినా ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. ఏబీఎస్ అయితే చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును వదులుతూ పడుతూ ఉంటుంది, చేతికి టకటకమని తగులుతుంది. ఆ అదురుకు బెదిరి బ్రేకు వదిలేసేవాళ్లున్నారు. మీ బండిలో ఏది ఉందో షోరూంలో అడిగి, ఖాళీ చోట ఒకసారి పట్టి చూసుకోవాలి.

ఇక వేగం. గంటకు నలభై అంటే మనకు పెద్ద వేగంగా తోచదు. కానీ ఆ వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. చూసి, తెలుసుకుని, చెయ్యి బ్రేకు మీద పడేసరికే ఆ సెకను అయిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుంది. లెక్క ఇంత కటువుగా ఉన్నప్పుడు ముందున్న ఆర్టీసీ బస్సు తోక పట్టుకుని పోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? జూబ్లీ బస్ స్టేషన్‌లో బయల్దేరిన కరీంనగర్ బస్సులన్నీ కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట మీదుగానే పోతాయి. వాటి మధ్యలో సిటీ బస్సులు, మిలిటరీ లారీలు, ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగే ఆటోలు. ఈ రోడ్డు మీద కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు బండి బంపరును కాదు, దాని అవతల ఏం జరుగుతోందో చూడండి. ఆగిన బస్సు ముందు నుంచి మనిషి వస్తాడనే అనుకోండి. ఆగిన ఆటో తిరుగుతుందనే అనుకోండి. అప్పుడు వేళ్లు ముందుగానే బ్రేకు మీద ఉంటాయి, సగం సెకను మీకు మిగులుతుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ లోపలి చెట్ల నీడ రోడ్లు ఖాళీగా కనిపించి నేర్చుకునేవాళ్లను ఊరిస్తాయి. కానీ అక్కడా నీడలో స్పీడ్ బ్రేకరు కంటికి ఆనదు, రాలిన ఆకుల కింద తడి దాగి ఉంటుంది.

రోడ్డు మీద కాస్త ఇసుక ఏం చేయగలదో మన రాష్ట్రమంతా ఒకసారి చూసింది. 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రోజు రాత్రి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు జారింది. ఆయన తీవ్రంగా గాయపడ్డారు, కోలుకోవడానికి నెలలు పట్టింది. హెల్మెట్ వల్లే బతికానని ఆ తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పారు. అలా చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం.

హెల్మెట్ గురించి ఇంకా రాయాలా అనిపిస్తుంది, కానీ అంకెలు రాయమంటున్నాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో వెనక కూర్చున్నవాళ్లే 14,337 మంది. వెనక కూర్చున్నవాళ్లంటే ఎక్కువగా మన అమ్మలు, భార్యలు, పిల్లలు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. లోపల ఐఎస్ 4151 అనే అంకె ఉందో లేదో చూసి కొనండి. గడ్డం కింద బెల్టు బిగించాక రెండు వేళ్లు మాత్రమే దూరాలి. వెనక నుంచి పైకి నెడితే తల మీంచి ఊడి రాకూడదు. బెల్టు పెట్టని హెల్మెట్ గుద్దుడులో తలకంటే ముందు ఎగిరిపోతుంది.

చట్టం కొత్తవాళ్లకు కొంత వ్యవధి ఇచ్చింది. లెర్నింగ్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే అసలు పరీక్షకు వెళ్లగలరు. ఆ నెల రోజులూ ఎర్ర ఎల్ బోర్డు ముందూ వెనకా ఉండాలి, లైసెన్సు ఉండి నేర్పేవాళ్లు తప్ప ఇంకెవరూ వెనక కూర్చోకూడదు. నన్నడిగితే నేర్పేవాళ్లు కూడా మొదట్లో కూర్చోకుండా పక్కన నిలబడి చూడడమే మంచిది. వెనక బరువుంటే కొత్త చేతులకు తూకం దొరకదు. ఈ 30 రోజుల్ని చాలామంది స్లాట్ కోసం ఎదురుచూపుగా గడిపేస్తారు. ఆ నెలలో నాలుగు ఆదివారాలు బ్రేకు మీద పెడితే చాలు, చేతికి వచ్చేస్తుంది. గేర్లు మార్చడం రోడ్డు మీద తిరుగుతుంటే అదే వస్తుంది. ఆపడం అలా రాదు. అది అవసరమైన రోజున నేర్చుకునే తీరిక ఉండదు.

పదహారేళ్ల పిల్లాడికి వంద సీసీ బండి తాళాలు ఇచ్చే తల్లిదండ్రులకూ ఒక మాట. పద్దెనిమిది నిండనివాళ్లకు 50 సీసీ లోపు బండికే లైసెన్సు ఉంటుంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ట్యూషన్ దూరమైతే మీరు దింపి రండి.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పుడు బండి నేర్చుకుంటుంటే, వచ్చే ఆదివారం ఎండెక్కకముందే ఖాళీ చోటికి తీసుకెళ్లండి. హెల్మెట్ బెల్టు మీరే పెట్టి చూడండి. ఇరవైలో నడిపించి, రెండు బ్రేకులూ కలిపి, తిన్నగా ఆపించండి. అది తడబాటు లేకుండా వచ్చేదాకా రాజీవ్ రహదారి ఎక్కనివ్వకండి.